పరుగెత్తని ‘రన్’

ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు సంపాదకులలో ఒకరైన పీటర్ గిలివర్ ‘రన్’ అనే చిన్న క్రియ మీద తొమ్మిది నెలలు పనిచేశారు. తొమ్మిది నెలలంటే వైద్యులకు బాగా తెలిసిన గడువే. పని ముగిసేసరికి ఆ ఒక్క క్రియకు 645 అర్థాలు తేలాయి. అంతకుముందు ఈ కిరీటం ‘సెట్’ అనే మాటది. 1989లో వచ్చిన రెండవ కూర్పులో దానికి 430 అర్థాలున్నాయి. వాటిని వివరించడానికి దాదాపు 60,000 మాటలు పట్టాయి, అంటే ఒక మోస్తరు నవలంత. ఇంగ్లీషులో మూడక్షరాలు మించని మాటలకు ఇంత సంసారం ఉందని, ఆ భాషలో పుట్టి పెరిగినవారికి కూడా నిఘంటువు తెరిచేదాకా తెలియదు. సైమన్ వించెస్టర్ 2011లో న్యూయార్క్ టైమ్స్‌లో దీని మీద ఒక వ్యాసమే రాశారు.

ఇంగ్లీషువాడి నోట మనిషొక్కడే పరుగెత్తడు. ఏరు పరుగెడుతుంది, ముక్కూ పరుగెడుతుంది. కొళాయి, ఉతికిన చీర రంగు, రెండూళ్ళ మధ్య తిరిగే బస్సు, ఆ బస్సు పోయే రోడ్డు, పత్రికలో కథనం, రంగస్థలం మీద నాటకం, ఇంటి అద్దె ఒప్పందం, వంశంలో మధుమేహం, అన్నీ పరుగులే. జ్వరం వచ్చినవాడు జ్వరాన్ని పరుగెత్తిస్తాడు. డాక్టరు రక్తపరీక్షలను పరుగెత్తిస్తాడు. యజమాని కంపెనీని, దొంగరవాణా చేసేవాడు తుపాకులను పరుగెత్తిస్తారు. ఎన్నికల్లో అమెరికావాడు పరుగెడతాడు. బ్రిటన్‌లో అదే పనికి నిలబడతాడు. తెలుగునాట కూడా అభ్యర్థి నిలబడతాడే గాని పరుగెత్తడు. ఓట్ల కోసం ఆయన తీసే పరుగు వేరే సంగతి.

ఇక పిల్లల చేతిలో ఉండే చిన్న ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు సంగతి. అందులో ఈ క్రియకు ఎదురుగా ‘పరుగెత్తు’ అని ఉంటుంది, ఆ వెనుక మరో నాలుగైదు మాటలు. ఆ నాలుగైదూ తప్పు కావు. కాని ఆ వరసను చూసినవాడికి రెండు భాషల మధ్య బేరం ఒక రూపాయికి ఒక రూపాయి అన్నట్టు జరుగుతుందన్న భ్రమ కలుగుతుంది. నిజానికి పైన చెప్పిన వాక్యాలలో తెలుగు ఎక్కడా పరుగెత్తదు. ఏరు పారుతుంది, ముక్కు కారుతుంది, చీర రంగు దిగుతుంది, బస్సు తిరుగుతుంది, సినిమా ఆడుతుంది, ఒళ్ళు కాలుతుంది. కంపెనీని నడుపుతారు, సంసారాన్ని ఈదుకొస్తారు. ఇంగ్లీషులో లారీ మనిషి మీదుగా పరుగెడుతుంది, తెలుగులో మనిషే లారీ కింద పడతాడు. ఎన్ని సందర్భాలో అన్ని క్రియలు. ఒక్క క్రికెట్ మైదానంలో మాత్రం ‘పరుగు’ సరిగ్గా ‘పరుగు’గానే దిగింది.

ఇంట్లో సరుకు అయిపోవడాన్ని చెప్పడానికి కూడా ఇంగ్లీషుకు పరుగే దిక్కు. తెలుగు ఇల్లాలు ‘బియ్యం నిండుకున్నాయి’ అంటుంది. డబ్బా ఖాళీ అయితే నిండుకుందనడం! లేదు అన్న మాట వంటింట్లో పలకడానికి జంకిన ఒక సంస్కారం ఆ క్రియను తలకిందులు చేసింది. దీపం ఆరదు, కొండెక్కుతుంది. మంగళసూత్రం తెగదు, పెరుగుతుంది. ఏ పర్యాయపద పట్టికలోనూ ‘నిండుకొను’ పక్కన ‘అయిపోవు’ను పెట్టి ఊరుకుంటే సరిపోదు. ఎవరు, ఏ ఇంట్లో, దేన్ని గురించి అంటున్నారో చెప్పాలి. పెట్రోలు నిండుకుందని అన్నవాడు చమత్కారి అయినా అయి ఉండాలి, తెలుగును పుస్తకాల్లో నేర్చుకున్నవాడైనా అయి ఉండాలి.

తెలుగుకు ఇలాంటి బహురూపి క్రియలు లేవనుకుంటే పొరపాటు. ‘పారు’ను చూస్తే చాలు. ఏరు పారుతుంది, పొలం పారుతుంది, రెండెకరాలు పారే బావి అంటారు. దొంగ పారిపోతాడు, పసిబిడ్డ పారాడుతుంది. జూదంలో పాచిక పారుతుంది, రాజకీయంలోనూ పారుతుంది. కోపం వచ్చినవాడు నోరు పారేసుకుంటాడు, మతిమరుపువాడు గొడుగు పారేసుకుంటాడు. చూపు పారినంత మేర పొలాలే ఉంటాయి. పాత ఇంగ్లీషులో ‘రన్’కు పూర్వరూపాలైన క్రియలకు కాళ్ళతో పరుగెత్తడం, నీరు ప్రవహించడం రెండూ అర్థాలే. తెలుగు ‘పారు’లోనూ నీరూ, కాళ్ళూ ఒకచోటనే ఉన్నాయి. ఒకదానికొకటి చుట్టరికం లేని రెండు భాషలు ఇలా ఒకే బాటన నడవడం, ఏరును చూసిన మనిషి మనసు ఎక్కడైనా ఒకలాగే పనిచేస్తుందేమో అనిపించేటంత వింత.

ఇంగ్లీషులో ఆ మాట అర్థాలు గుట్టలుగా పెరగడానికి యంత్రయుగం తోడ్పడిందంటారు. రైలు, గడియారం, మగ్గం, ఇంజను, చివరికి కంప్యూటరు ప్రోగ్రాము, వచ్చిన ప్రతి యంత్రమూ పరుగునే అరువు తెచ్చుకుంది. తెలుగులో ఆ బరువు ‘ఆడు’ మీద పడింది. గానుగ ఆడేది. ఆ తరువాత బియ్యం మిల్లు వస్తే అదీ ఆడింది, బావి దగ్గర మోటారు ఆడింది, ఊళ్ళో సినిమా వంద రోజులు ఆడింది. ఊపిరి ఎప్పటినుంచో ఆడుతూనే ఉంది. డబ్బుకు ఇబ్బంది అయినవాడు ‘చెయ్యి ఆడటం లేదు’ అంటాడు. కొత్త వస్తువు ఇంటికి వస్తే, దానికి పేరు ఎక్కడిదైనా, పని మాత్రం ఇంటి క్రియతో చేయించుకున్న భాష ఇది. మిల్లు, మోటారు, సినిమా, మూడూ ఇంగ్లీషు పేర్లే. ‘ఆడింది’ తెలుగు. అలా ఉన్నంతకాలం అరువు నామవాచకాల వల్ల తెలుగుకు వచ్చిన నష్టం ఏమీ లేదు.

ఇక పర్యాయపదాల విషయం. ఇంగ్లీషులో ఆ మాట రాగానే గుర్తుకు వచ్చే పేరు పీటర్ మార్క్ రోజే. ఆయన భాషాశాస్త్రవేత్త కాదు, వైద్యుడు. 1779లో లండన్‌లో పుట్టాడు. 19వ ఏట ఎడిన్‌బరోలో వైద్యపట్టా పుచ్చుకున్నాడు. రాయల్ సొసైటీకి రెండు దశాబ్దాలకు పైగా కార్యదర్శిగా పనిచేశాడు. లెక్కలు కట్టే స్లైడ్ రూలును మెరుగుపరిచాడు. 1805లో సొంత వాడుకకని రాసిపెట్టుకున్న మాటల పట్టికను పెంచి, పదవులన్నీ విడిచిన తరువాత, 73వ ఏట, 1852లో అచ్చు వేశాడు. లోకంలో ఉన్న భావాలన్నిటినీ 1000 శీర్షికల కింద సర్దిన ఆ పుస్తకమే ఈనాటికీ ఆయన పేరుతో అమ్ముడవుతున్న థిసారస్. జాషువా కెండాల్ 2008లో రాసిన ‘ది మ్యాన్ హూ మేడ్ లిస్ట్స్’ అనే జీవితచరిత్రలో ఈ పట్టికల పిచ్చికి మూలం ఆ కుటుంబాన్ని వెంటాడిన మానసిక వ్యాధుల్లో ఉందంటారు. అమ్మమ్మ, తల్లి ఆ బాధలు పడ్డవారే. 1818లో మేనమామ శామ్యూల్ రొమిలీ భార్య పోయిన దుఃఖంలో గొంతు కోసుకున్నప్పుడు ఆయన్ను కనిపెట్టుకుని ఉన్న వైద్యుడు రోజేయే. లోపల అల్లకల్లోలంగా ఉన్న మనిషి బయట మాటలను వరసలో నిలబెట్టి ఊరట పొందాడన్న కెండాల్ ప్రతిపాదన ఆకర్షణీయంగానే ఉంది. కాని చనిపోయిన మనిషికి దూరంనుంచి రోగనిర్ణయం చేయడంలో ఉండే తొందరపాటు కూడా అందులో లేకపోలేదు. పట్టికలు రాసే ప్రతివాడూ రోగి అయితే లిన్నేయస్ మొదలు ఎంతమందిని ఆసుపత్రిలో చేర్చాలో!

ఆ పుస్తకం మీద పెద్ద దాడి చేసినవారు వించెస్టరే. 2001లో అట్లాంటిక్ పత్రికలో రాసిన వ్యాసంలో ఆయన ఆరోపణ స్థూలంగా ఇది: నిర్వచనాలు లేకుండా మాటలను ఒకచోట కుప్పపోసి రోజే సోమరి రచయితలను తయారుచేశాడు. ఇది సగమే న్యాయం. రోజే తన పుస్తకాన్ని మాటలు తెలియనివారి కోసం తలపెట్టలేదు. తెలిసిన మాట సమయానికి నాలుక చివర ఆగిపోయినవారి కోసం తలపెట్టాడు. మందుల షాపులో అన్ని సీసాలూ ఒకే అలమరలో ఉన్నాయని ఏ సీసా అయినా తాగవచ్చని అనుకోవడం షాపువాడి తప్పు కాదు. కంప్యూటరు తెరమీద మాట మీద నొక్కగానే ఊడిపడే పర్యాయపదాల వరస విషయంలో మాత్రం వించెస్టర్ కోపానికి పూర్తి అర్హత ఉంది. అక్కడ సీసాల మీద చీటీలు కూడా ఉండవు.

పర్యాయపదాలు నిజంగా ఒకదానికొకటి బదులు నిలవవని తెలుసుకోవడానికి తెలుగు పరుగే చాలు. ప్రాణభయం ఉన్నవాడు ‘కాలికి బుద్ధి చెబుతాడు’. అప్పులవాణ్ణి చూసినవాడు ‘జారుకుంటాడు’. డబ్బు తీసుకున్న గుమాస్తా ‘ఉడాయిస్తాడు’. గుర్రం ‘దౌడు తీస్తుంది’. కోస్తాలో పిల్లవాడు బడి గంట విని ‘లగెత్తుతాడు’, తెలంగాణలో ‘ఉరుకుతాడు’. గుమాస్తాను లగెత్తించి, గుర్రాన్ని ఉడాయింపజేస్తే వచ్చేది కొత్తదనం కాదు, అపహాస్యం. ఒక్కొక్క క్రియలో పరుగెత్తేవాడి మీద చెప్పేవాడి అభిప్రాయం కూడా కలిసి ఉంటుంది.

ఇలాంటివన్నీ ఒకచోట చేర్చిన పుస్తకం తెలుగులో ఎందుకు లేదన్న ప్రశ్నకు జవాబు సంప్రదాయంలో కొంత దొరుకుతుంది. వీధిబడిలో పిల్లలు వల్లెవేసిన అమరకోశం పేరుకు తగ్గట్టే నామలింగానుశాసనం. అందులో ఉన్నవి నామవాచకాలు. తామరపూవుకు, సూర్యుడికి, సముద్రానికి పేర్లు కావలసినన్ని. తామరపూవు వాడటానికి, సూర్యుడు వాలటానికి, సముద్రం పోటెత్తటానికి మాటలు ఎక్కడా లేవు. ధాతువుల కోసం ధాతుపాఠాన్ని ఆశ్రయించాలి. అక్కడేమో పెద్ద సంఖ్యలో ధాతువుల పక్కన ‘గతౌ’, అంటే కదలిక అనే అర్థంలో, అన్న ఒక్క ముక్కతో సరి. తెలుగువారు రాసుకున్న ఆంధ్రనామసంగ్రహమూ పేరులోనే చెప్పినట్టు నామాల దారినే పోయింది. పేర్లు ఎన్ని తెలిస్తే అంత పాండిత్యమన్న నమ్మకం అలా పాతుకుపోయింది. పద్యం అల్లేవాడికి గణం కుదిరే నామవాచకం అవసరం కనుక ఆ నమ్మకానికి కారణమూ ఉంది.

రోజే పుస్తకం వచ్చిన 1852లోనే మద్రాసులో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయింది. ఇది కాకతాళీయమే. కాని రెండిటినీ పక్కపక్కన పెట్టుకుని చదవడం మంచి అనుభవం. రోజే మాటలను భావం పేరుతో కట్టగట్టాడు. బ్రౌన్ ఒక్కొక్క క్రియనూ తీసుకుని అది ఎవరి పక్కన చేరితే ఏమవుతుందో చూపించాడు. ‘పడు’, ‘పెట్టు’, ‘కొట్టు’, ‘తీయు’ వంటి క్రియల దగ్గర ఆ నిఘంటువు తీరిక చేసుకుని నడుస్తుంది. నోటి వాడుకను కూడా లెక్కలోకి తీసుకోవాలన్న పట్టుదల బ్రౌన్‌ది. తరువాతి కాలంలో వచ్చిన సూర్యరాయాంధ్ర నిఘంటువు ఎంత మహత్తర కృషి అయినా గ్రంథాలకెక్కిన భాషకే పెద్దపీట వేసింది. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదాలతో మొదలైన మాండలిక వృత్తి పదకోశం మళ్ళీ రైతు నోటి దగ్గరకు వెళ్ళింది. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో 1965లో మొదలుపెట్టి 2009లో అచ్చువేసిన ఆక్స్‌ఫర్డ్ చారిత్రక థిసారస్ 44 ఏళ్ళ పని. ఏ మాట ఏ కాలంలో ఏ అర్థానికి వాడుకలో ఉందో అది చూపిస్తుంది. తెలుగు క్రియలకు అంతటిది అడగడం అత్యాశే కావచ్చు. ఒక్క ‘పడు’కు గిలివర్‌లాంటివాడు తొమ్మిది నెలలు కేటాయించినా చాలు.

ఈ పని తొందరగా జరగవలసిన కారణం ఉంది. ఈనాడు తెలుగు పోగొట్టుకుంటున్నది నామవాచకాలను కాదు, క్రియలను. డాలస్‌లోనైనా, హైదరాబాదులోనైనా చదువుకున్న కుటుంబం ఒక గంట మాట్లాడుకుంటే వినబడే క్రియలు ‘చేయు’, ‘అవు’ అనే రెండు. రన్ చేయడం, కుక్ చేయడం, వాష్ చేయడం, కట్ చేయడం, రన్ అవడం, మిస్ అవడం. కుక్ చేయడం ఒక్కటీ రాగానే వండడం, వార్చడం, ఉడికించడం, వేయించడం, మగ్గబెట్టడం, దించడం, తాలింపు పెట్టడం ఒక్కసారిగా ఇల్లు ఖాళీ చేస్తాయి. సంస్కృత పదాలకు ‘చేయు’ తగిలించడం పూర్వంనుంచీ ఉన్నదే కదా, భోజనం చేయలేదా, ప్రయాణం చేయలేదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. కాని భోజనం చేసినవాడు ఆ రోజుల్లో తినడం, మెక్కడం, ఆరగించడం, నంజుకోవడం మానలేదు. పైగా సంస్కృతానికి ‘ఇంచు’ తగిలించి ఆరంభించు, వర్ణించు అని సొంతం చేసుకున్నాడు. హిందుస్తానీ క్రియలు వచ్చినప్పుడూ అంతే. ‘బనానా’ బనాయించు అయింది, ‘దబానా’ దబాయించు అయింది, నడపడానికి వాళ్ళు అనే ‘చలానా’ చలాయించు అయింది. అధికారం చలాయించడమంటే ఏమిటో తెలియని తెలుగువాడు లేడు, అది పరాయి మాటని గుర్తున్నవాడూ లేడు. రన్ మాత్రం ‘రన్నించు’ కాలేదు. ఇంగ్లీషు క్రియ తెలుగు కడుపులో అరగకుండా అలాగే కూర్చుంది, పక్కన ‘చేయు’ను కాపలా పెట్టుకుని.

ఇదంతా పండితుల బెంగ, పని జరిగిపోతోంది కదా అనుకునేవారు ఉంటారు. పని జరగని చోటు ఒకటి ఉంది. అది ఆసుపత్రి.

మాంట్రియల్‌లో రోనాల్డ్ మెల్జాక్ 1975లో మెక్‌గిల్ నొప్పి ప్రశ్నావళిని ప్రచురించాడు. నొప్పి ఎంత అని మాత్రమే కాక, ఎలాంటిది అని కూడా అడగాలన్నది దాని సారం. అందుకు 78 మాటలను 20 గుంపులుగా అమర్చాడు. అందులో చాలా మాటలు క్రియలనుంచి పుట్టినవే: పొడిచేది, కొరికేది, కాల్చేది, లాగేది, నొక్కేది. అంటే రోజే చేసిన పనినే మరొకరు రోగి మంచం పక్కన నిలబడి చేశారన్నమాట. కాని ఇక్కడ పర్యాయపదాలను కలిపేయడం కాదు, విడదీయడమే వైద్యం.

ఈ విషయంలో తెలుగు పల్లెటూరి ముసలమ్మ దగ్గర మెల్జాక్ పట్టికకు తీసిపోని భాష ఉంది. గడ్డ లేస్తే సలుపుతుంది. నడిచి నడిచి వచ్చిన కాళ్ళు పీకుతాయి, పిక్కలు గుంజుతాయి. కడుపు మెలిపెడుతుంది. పన్ను జివ్వుమంటుంది. కళ్ళు మండుతాయి, పుండు చురుక్కుమంటుంది, తల పగిలిపోతుంది, నడుము పట్టేస్తుంది. ఈ క్రియల్లో ప్రతి ఒక్కటీ శరీరంలో ఒక చోటును, ఒక తీరును పట్టిస్తుంది. సలపడం అన్న మాట వినగానే నాడితోపాటు కొట్టుకునే నొప్పి అని, చీము పట్టిందేమో చూడాలని తెలుస్తుంది. మెలిపెట్టడం అంటే వచ్చి వచ్చి పోయే నొప్పి. వీటన్నిటికీ ‘నొప్పి’ అన్నది పర్యాయపదమే. కాని దాన్ని వాడినవాడు రోగి చెప్పినదాంట్లో సగం పారబోసినట్టే.

పిల్లల దగ్గర ఉందామని అమెరికాకో ఇంగ్లండుకో వచ్చిన పెద్దావిడ రాత్రివేళ అత్యవసర విభాగానికి వెళితే పక్కన దుబాసీగా ఉండేది సాధారణంగా అక్కడే పుట్టిన మనవడు. ఆమె ‘గుండెల్లో పట్టేస్తోందిరా నాయనా, బండ పెట్టినట్టుంది’ అంటుంది. గుండెకు రక్తం అందనప్పుడు రోగులు ఎక్కువగా చెప్పేది పొడవడం గురించి కాదు, సరిగ్గా ఈ పట్టేయడం, నొక్కేయడం, బరువు గురించే. ఆమె ఎంచుకున్న క్రియ డాక్టరుకు చాలా అవసరమైన సమాచారం. మనవడికి తెలిసిన తెలుగులో ‘పట్టు’ అంటే చేత్తో పట్టుకోవడం. ‘ఛాతీలో నొప్పిగా ఉందట’ అని ఇంగ్లీషులో చెబుతాడు. అది అబద్ధం కాదు. డాక్టరు తప్పకుండా తరువాతి ప్రశ్న అడుగుతుంది: పొడుస్తున్నట్టా, నొక్కేస్తున్నట్టా? కుర్రవాడు అమ్మమ్మ వైపు తిరిగి, ఆ రెండు మాటల కోసం వెతుక్కుని, దొరకక, ‘బాగా నొప్పా అమ్మమ్మా?’ అని అడుగుతాడు. ఆవిడ తల ఊపుతుంది.